చిల్లర విషయాలు

మా చెల్లెలికి ఒక అలవాటుంది. ఇంట్లో ఎవరైనా దిగులుగా కనిపిస్తే చాలు, కారణం అడగదు, ప్రయాణం కట్టించేస్తుంది. చిన్నప్పుడు బందర్లో ఉండగా బస్సెక్కించి మంగినపూడి తీసుకుపోయేది. ఇప్పుడు బోస్టన్‌లో కాపరం కనక, కిందటి జూన్‌లో నన్ను పడవెక్కించింది.

"ఎక్కడికే?" అన్నాను.

"ప్రావిన్స్‌టౌన్‌కి. చేపలు పట్టుకునే ఊరు. ఒకప్పుడు చిత్రకారులు, రచయితలు, ఇల్లూ వాకిలీ పట్టని వాళ్ళందరూ అక్కడే చేరేవాళ్ళట. నువ్వు చూసి తీరాలి."

"చేపలు పట్టుకునే ఊరు చూడ్డానికి బందరు పిల్ల అమెరికా దాకా రావాలా?" అని విసుక్కున్నాను. ఆ మాట సాయంత్రానికల్లా నాకే వచ్చి తగులుతుందని అప్పుడు తెలీదు.

ఇంతకీ నా దిగులేవిటో చెప్పలేదు కదూ! అమెరికాకి బయల్దేరే ముందు ఒక సాహిత్య సభకి వెళ్ళాను. అక్కడ ఒక పెద్దమనిషి, పేరెందుకు లెండి, నా నవలల గురించి మాట్లాడుతూ, "అంతా వంటింటి సాహిత్యమండీ. పోపు వాసన తప్పించి లోకం వాసన తగలదు" అన్నాడు. సభంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆయన అన్న మాటకన్నా నా నవ్వే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఇంటికొచ్చి, సగం రాసిన నవల కాగితాలు బీరువాలో పట్టుచీరల కింద తోసేశాను. మా ఆయన, "ఏం, రాయడం లేదా?" అంటే, "ఆవకాయ రోజులు కదండీ" అని తప్పించుకున్నాను.

బోస్టన్ రేవులో ఎక్కితే ప్రావిన్స్‌టౌన్‌కి గంటన్నర. మాసచూసెట్స్ రాష్ట్రం పటం చూస్తే, మోచేతి దగ్గర మడిచి పిడికిలి పైకెత్తిన చెయ్యిలాగా ఒక నేల సముద్రంలోకి చాచుకుని ఉంటుంది. అదే కేప్ కాడ్. కాడ్ అంటే ఒక జాతి చేప. ఆ పిడికిలి చివర వేళ్ళ మడతలో ఉంటుంది ఈ ఊరు. దూరంనించి మొదట కనిపించేది గుట్టమీద నిలబెట్టిన రాతి గోపురం. ఎత్తు 252 అడుగులు. 1910లో పూర్తయింది.

"దేనికే అంత గోపురం?" అన్నాను.

చెల్లెలు చెప్పింది. 1620 నవంబర్లో మేఫ్లవర్ ఓడలో ఇంగ్లండునించి వచ్చినవాళ్ళు మొదట లంగరు వేసింది ఈ రేవులోనేట. ప్లిమత్‌కి వెళ్ళింది ఆ తరవాత. ఇక్కడ ఓడలోనే కూచుని, అందరం కలిసి ఒక కట్టుబాటులో ఉందామని కాగితం రాసుకున్నారు. 41 మంది మగవాళ్ళు సంతకాలు పెట్టారు. గోపురం వాళ్ళ రాకకి గుర్తు.

"మరి ఆడవాళ్ళు?"

"సంతకాల్లో లేరు. రెండు రోజులాగి, సోమవారంనాడు ఒడ్డుకి దిగి బట్టలుతుక్కున్నారు. అదీ రాసి పెట్టారు లే."

నాకు నవ్వొచ్చింది. రెండు నెలలపైన ఓడలో మగ్గిన బట్టలు, ఎముకలు కొరికే చలి, పసిపిల్లలు! ఆ ఉతుకుడు జరక్కపోతే సంతకాలు పెట్టినవాళ్ళు ఏం కట్టుకునేవాళ్ళో! ఉతుకుడుకి మాత్రం గోపురం లేదు.

పడవ రేవుకి దగ్గరవుతుంటే, పక్కనున్న పాత రేవుకట్ట చివర, చెక్క కట్టడం గోడమీద అయిదు పెద్ద పెద్ద ముఖాలు కనిపించాయి. నలుపూ తెలుపూ ఫోటోలు. అయిదుగురూ ముసలమ్మలే. ముఖాలనిండా ముడతలు. సినిమా పోస్టర్లు వేసే సైజులో మన అమ్మమ్మల్ని పెట్టినట్టుంది. ఒకావిడ నవ్వితే మాత్రం అచ్చం మా పెద్దమ్మే.

వాళ్ళు పోర్చుగీసు జాలరి కుటుంబాల ఆడవాళ్ళట. పూర్వం ఈ ఊరి తిమింగలాల ఓడలు అట్లాంటిక్ నడుమ ఉన్న అజోర్స్ దీవుల దగ్గర ఆగి పనివాళ్ళని ఎక్కించుకునేవి. అలా వచ్చినవాళ్ళు ఇక్కడే స్థిరపడి, పందొమ్మిదో శతాబ్దం చివరికి ఊళ్ళో చేపలవేట చాలామటుకు వాళ్ళ చేతుల్లోకి వచ్చింది. వేటకి వెళ్ళిన మగవాళ్ళ గురించి పాటలున్నాయి, శిలాఫలకాలున్నాయి. వాళ్ళకోసం ఎదురు చూస్తూ ఇళ్ళు నడిపిన ఆడవాళ్ళకి ఏదైనా ఉండొద్దా అని, 2003లో ఈ ఫోటోలు రేవుమీద నిలబెట్టారు. "వాళ్ళూ సముద్రాన్ని ఎదుర్కొన్నారు" అని అర్థమొచ్చేలా దానికి పేరు కూడా పెట్టారు.

ఊళ్ళోకి నడిచాం. సముద్రం పక్కనే ఒకటే పొడుగాటి వీధి, కమర్షియల్ స్ట్రీటు. మన అగ్రహారం వీధంత ఇరుకు. రెండు పక్కలా చెక్క ఇళ్ళు, పూలచెట్లు. కొన్ని ఇళ్ళకి చిన్న నీలం పలకలు అంటించి ఉన్నాయి. పలకమీద పడవ, పడవమీద ఇల్లు! ఏవిటా అనుకుంటే, ఒకప్పుడు రేవుకి అవతల, ఇసక దిబ్బ చివర, చిన్న పల్లె ఉండేదట. 1850ల నాటికి అక్కడ బతుకుతెరువు తగ్గిపోయి, జనం ఇళ్ళకి ఇళ్ళే బల్లకట్టుమీద పెట్టుకుని నీళ్ళమీద తేల్చుకుంటూ ఇవతలికి తెచ్చేసుకున్నారు. ఇల్లు మారడమంటే ఇదీ! అద్దిల్లు మారేటప్పుడు మనం రుబ్బురోలు మొయ్యడానికే పదిసార్లు ఆలోచిస్తాం.

ఈ జాలరి ఊరికి చిత్రకారులు రావడం 1899లో మొదలైంది. చార్లెస్ హాథోర్న్ అనే ఆయన ఇక్కడ బొమ్మలు నేర్పే బడి పెట్టాడు. వెలుతురు బాగుంటుందన్నారు. వెలుతురు సంగతేమో గానీ, అద్దెలు చవక. చేపలు ఇంకా చవక. పైగా 1914లో యూరప్‌లో యుద్ధం మొదలయ్యేసరికి, పారిస్ వెళ్ళి జుట్టు పెంచుకుందామనుకున్న వాళ్ళందరూ ఇటు తిరిగారు. 1916లో ఒక బోస్టన్ పత్రిక, ప్రపంచంలో చిత్రకారులు ఇంతమంది చేరిన చోటు ఇంకోటి లేదని రాసేసింది. పెళ్ళి వద్దన్నవాళ్ళు, పెళ్ళి చేసుకుని పేరు మార్చుకోనన్నవాళ్ళు, కూలివాళ్ళ సమ్మెలకి వెళ్ళి జైళ్ళు చూసొచ్చినవాళ్ళు, ఉద్యోగం మానేసి నాటకాలు రాస్తానన్నవాళ్ళు, అందరూ ఇక్కడే. వాళ్ళకి గదులద్దెకిచ్చింది, పైసలు లేని రోజున ఓ గిన్నెడు చేపల పులుసు ఇచ్చింది, బొమ్మకి కూచోమంటే కూచున్నదీ ఆ పోర్చుగీసు ఇళ్ళవాళ్ళే.

వాళ్ళలో మేరీ హీటన్ వోర్స్ అని ఒకావిడ ఉండేది. పత్రికలకి రాస్తూ, భర్త పోయాక పిల్లల్ని ఆ రాతమీదే పెంచింది. ఆవిడకి ఒక రేవుకట్ట ఉండేది. దానిమీద పాత చేపల కొట్టం. 1915 వేసంకాలంలో నేస్తాలందరూ కలిసి ఒక ఇంటి వరండాలో సొంత నాటకాలు ఆడుకుని, సరదా తీరక, ఈ కొట్టంలోంచి వలలూ అవీ ఖాళీచేసి దాన్ని నాటకశాల చేశారు. కింద సముద్రం, పైన బల్లలు. వెనక తలుపులు తీస్తే తెర అక్కర్లేకుండానే సముద్రం! 1916 జులైలో యూజీన్ ఓనీల్ అనే కుర్రాడి నాటకం మొదటిసారి రంగస్థలం ఎక్కింది అక్కడే. ఓడలో చావుబతుకుల్లో ఉన్న నావికుడి కథ. తరవాతి రోజుల్లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ కొట్టం ఇప్పుడు లేదు. రేవుకట్టా లేదు. ఇసక, నీళ్ళు, నాలుగు పక్షులు. అక్కడ నిలబడేసరికి నాకు బి.ఏ. రోజులు గుర్తొచ్చాయి. పరీక్షకోసం బట్టీపట్టిన ఒక ఏకాంకిక, "ట్రైఫిల్స్". చిల్లర విషయాలన్నమాట. అదీ ఇక్కడే, ఆ ఆగస్టులోనే, మొదటిసారి ఆడారు. రాసింది సూసన్ గ్లాస్పెల్. ఆవిడ రాయడం వెనక ఒక ముచ్చట ఉంది. భర్త జార్జ్ క్రామ్ కుక్ తరవాతి ఆటకి నీ నాటకం వేస్తున్నామని చెప్పేశాడు. ఆవిడ దగ్గర నాటకమే లేదు. అంచేత ఆ కొట్టానికి వెళ్ళి, ఒక్కర్తీ బల్లమీద కూచుని, ఖాళీ వేదికకేసి చూస్తూ ఉండిపోయింది. చూడగా చూడగా ఆ వేదిక ఒక వంటిల్లుగా మారిందట.

వంటిల్లు! ఎంత ప్రపంచం తిరిగిన మనిషికి, వెనక అంత సముద్రం పెట్టుకుని, కనిపించింది వంటిల్లు!

కథ మీకు తెలియకపోతే చెబుతాను. చదువు పూర్తిచేసిన కొత్తలో ఆవిడ ఐయోవా రాష్ట్రంలో పత్రికా విలేఖరి. 1900లో అక్కడ ఒక రైతు హత్య జరిగితే, భార్యమీద పెట్టిన కేసు గురించి రాసింది. పదిహేనేళ్ళ తరవాత అది నాటకమైంది. నాటకంలో భర్త పీకకి తాడు బిగించి చంపేశారు. భార్య జైల్లో ఉంది. అధికార్లు మేడమీద, కొట్టంలో సాక్ష్యం వెతుకుతుంటారు. జైల్లో ఉన్నావిడ బట్టలు సర్దడానికి వచ్చిన ఇద్దరాడవాళ్ళు వంటింట్లో ఉండిపోతారు. చలికి పగిలిన పచ్చడి సీసాలు, సగం తుడిచి వదిలేసిన బల్ల, అంతదాకా చక్కగా సాగి ఒక్కచోట వంకరపోయిన బొంత కుట్టు చూస్తారు. వాటికోసం బాధపడుతుంటే మగవాళ్ళు వచ్చి, ఆడవాళ్ళకి చిల్లర విషయాలే పెద్ద బెంగలని నవ్విపోతారు. కుట్టుపెట్టెలో, సిల్కు గుడ్డలో చుట్టి, మెడ విరిచేసిన పిట్ట దొరుకుతుంది. అప్పుడు ఇద్దరికీ అర్థమవుతుంది, ఆ ఇంట్లో అన్నేళ్ళు ఏం జరిగిందో. మగవాళ్ళు వెతికే సాక్ష్యం అదే. ఇద్దరూ మాట్లాడుకోకుండానే దాన్ని దాచేస్తారు.

"అక్కా, మరి ఇది వంటింటి సాహిత్యం కాదా?" అంది చెల్లెలు. సభ సంగతి దీనికెలా తెలిసిందో! మా ఆయనే ఫోన్లో చెప్పి ఉంటారు.

నాకు గుండెలో ఏదో కుదుటపడింది. గర్వంగా కూడా అనిపించింది. అది ఎంతోసేపు నిలవలేదు లెండి.

మధ్యాహ్నం ఒక పోర్చుగీసు రొట్టెల దుకాణంలో మలసాదాలు కొనుక్కున్నాం. పులిసిన పిండి చేత్తో సాగదీసి, నూనెలో కాల్చి, పంచదారలో దొర్లిస్తారు. తింటూ వీధి అరుగుమీద కూచున్నాం. ఎదురుగా డెబ్భై ఏళ్ళు దాటిన మగవాళ్ళిద్దరు చెయ్యీ చెయ్యీ పట్టుకుని నింపాదిగా నడిచి వెళ్ళారు. తల తిప్పి చూసింది ఆ వీధిలో నేనొక్కదాన్నే. తరవాత నాకే సిగ్గేసింది. అలాంటి జంటలకి ఈ ఊరు ఎప్పటినించో ఆశ్రయం. 1980లలో ఎయిడ్స్ వచ్చిన కుర్రాళ్ళని సొంతవాళ్ళే గుమ్మం తొక్కనివ్వని రోజుల్లో, చాలామంది ఇక్కడికి చేరి, ఇక్కడి వాళ్ళ చేతుల్లోనే పోయారు. వాళ్ళ గుర్తుగా 2018లో టౌన్‌హాలు పక్కన ఒక రాయి పెట్టారు. పైభాగం అలలు చెక్కినట్టుంటుంది. దానిమీద ఎవరో ఒక చిన్న గవ్వ పెట్టి వెళ్ళారు.

ఇంత పెద్ద మనసున్న ఊళ్ళో ఇప్పుడు జాలర్లకి చోటు కరువైంది. కాడ్ చేప తగ్గిపోయింది. 1994లో సముద్రంలో పెద్ద పెద్ద భాగాల్లో వేట ఆపించారు. చవక అద్దెలకోసం కళాకారులు వచ్చారా, కళాకారుల్ని చూడ్డానికి డబ్బున్నవాళ్ళు వచ్చారు. వాళ్ళు ఇళ్ళు కొనడం మొదలుపెట్టాక జాలరి పిల్లలూ నిలవలేకపోయారు, కళాకారులూ నిలవలేకపోయారు. 2013లో హైస్కూలు ఆఖరి తరగతి బయటికొచ్చింది. ఆ తరగతిలో 8 మంది. తరవాత ఆ హైస్కూలు మూసేశారు.

సాయంత్రం తిరుగు పడవ. మళ్ళీ ఆ అయిదు ముఖాలు. పడవ కదిలేకొద్దీ వాళ్ళు మమ్మల్ని చూస్తున్నట్టే ఉంది. ఉన్నట్టుండి చెల్లెలు అంది:

"అక్కా, మనింటికి వచ్చే చేపలమ్మి పేరేవిటి?"

నాకు తెలీదు.

గిలకలదిండినించి వచ్చేది ఆవిడ. పెరటి గుమ్మం దగ్గర గంప దించి, "అమ్మగోరూ!" అని కేకేసేది. అక్కణ్ణించి అమ్మకీ ఆవిడకీ యుద్ధం. "ఇవి చేపలా, చీమలా?" అని అమ్మ. "నిన్న పట్టినియ్యి కాదు, నీ మీదొట్టు" అని ఆవిడ. గంప ఎత్తుకుని నాలుగడుగులు వెళ్ళడం, అమ్మ వెనక్కి పిలవడం, రోజూ ఇదే తంతు. నా మొదటి నవల్లో ఆ బేరాన్ని హాస్య ఘట్టంగా వాడుకున్నాను కూడా. పాఠకులు చాలా మెచ్చుకున్నారు. పదిహేనేళ్ళు మా పెరట్లోకి వచ్చిన మనిషి పేరు నాకు తెలీదు. గిలకలదిండి మా ఇంటికి రిక్షా దూరం. ఒక్కసారీ వెళ్ళలేదు. ప్రావిన్స్‌టౌన్ మాత్రం వచ్చాను!

ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది. బందర్లో పొద్దున్న ఆరున్నర. అమ్మకి ఫోన్ చేశాను.

"పేరెందుకు తెలీదే?" అంది అమ్మ, కాఫీ కలుపుతూనే. పేరు చెప్పింది. మొగుడి పేరు చెప్పింది. నలుగురు పిల్లల పేర్లూ వరసగా చెప్పింది. "1990 మే తుఫానులో వాళ్ళ పడవా, వలా కొట్టుకుపోలేదూ! పోపులడబ్బా అడుగున నే దాచుకున్నది నాలుగొందలుంటే ఇచ్చాను. మీ నాన్నగారికి తెలీదు. రెండేళ్ళపాటు చేపలు వేసి తీర్చేసింది పాపం, ఒక్క రూపాయి ఉంచుకోకుండా."

"మరి రోజూ ఆ దెబ్బలాటేవిటమ్మా?"

అమ్మ నవ్వింది. "మీ నాయనమ్మ వంటింటి కిటికీలోంచి వింటూ ఉండేదిగా! బేరమాడకపోతే అనుమానం రాదూ? డబ్బు తీసుకోకుండా చేప లెందుకిస్తోందని అడగదూ? అంచేత నేను గట్టిగా అరిచేదాన్ని, అది ఇంకా గట్టిగా అరిచేది. ఆ గంప తీసుకుని వెళ్ళిపోవడం మాత్రం దాని సొంత తెలివే."

ఫోన్ పట్టుకుని అలా నిలబడిపోయాను. రెండేళ్ళపాటు నా కళ్ళ ఎదురుగా, మా పెరట్లో, ఇద్దరాడవాళ్ళు నాటకం ఆడారు. నేను మెట్టుమీద కూచుని, పదేళ్ళదాన్ని, పలక్కాయలు కొరుక్కుంటూ చూశాను. పెద్దయ్యాక దాన్ని రాసి చప్పట్లు కొట్టించుకున్నాను. ఒక్క ముక్కా అర్థం చేసుకోలేదు. ఆ సభలో పెద్దమనిషి నా వంటింటిని చూసి నవ్వాడు సరే, నేను మా అమ్మ వంటింటిని చూసి నవ్వలేదూ? ఆ నాటకంలో మేడమీద సాక్ష్యం వెతికిన మగవాళ్ళకీ నాకూ తేడా ఏవిటి?

పేరు ఇక్కడ రాయడం లేదు. అది ఆవిడ ఇంటివాళ్ళ సొత్తు.

జులైలో తిరిగొచ్చాక అమ్మని తీసుకుని గిలకలదిండి వెళ్ళాను. అమ్మ ఆ పూటకి మంచి చీర కట్టుకుంది. ఆవిడ పోయి ఆరేళ్ళయిందట. కూతురు ఉంది. అదే ముఖం, అదే గంప. అమ్మ చేతులు పట్టుకుని కాసేపు ఏడ్చింది. తరవాత కళ్ళు తుడుచుకుని, "నాలుగు కానాగంతలు పెడతాను, తీసుకెళ్ళండమ్మా" అంది. అమ్మ ఊరుకుంటేనా! "ఎంతకిస్తావో చెప్పు ముందు. ఇవి చేపలా, చీమలా?" అంది. ఆ పిల్ల వెంటనే గంప ఎత్తి నాలుగడుగులు నడిచింది.

ఈసారి శ్రద్ధగా విన్నాను. ఇంటికొచ్చి పట్టుచీరల కిందనించి కాగితాలు బయటికి తీశాను. నవల మళ్ళీ మొదటినించి రాయాలి. పెరటి గుమ్మం దగ్గర మొదలుపెట్టాలి.